చర్చి వాకిట్లో చేతులు చూసే పెద్దమ్మ

పోయిన నెల మా బావమరిది కుటుంబం హైదరాబాదు నుంచి వచ్చింది. మీ వైపు చూడాల్సినవి ఏమున్నాయో చూపించమన్నారు. మా వైపు చూడడానికి ఏముంది, ఎండ తప్ప! చివరికి ఉరవకొండ నుంచి పామిడి పోయే దారిలో ఉన్న రాతి చర్చికి తీసుకుపోయాను. నీళ్ల ఉద్యమం పుట్టిన చర్చి కాబట్టి ఇప్పుడు దానికి వచ్చేపోయేవాళ్లు ఎక్కువయ్యారు. గోడకు నల్లరాతి ఫలకం కూడా వేశారు.

కొత్తగా వచ్చిన సంఘపెద్ద ఒకాయన మాకు అంతా తిప్పి చూపించాడు. పెద్ద కరువులో జనం గంజి కూలికి బండలు మోసి ఆ గోడలు లేపిన సంగతి చెప్పాడు. టేకు దూలాలు చూపించాడు, గంట చూపించాడు. వాకిలి దగ్గరకు వచ్చి ఆగి, "ఈడనే ఒక తల్లి నిలబడి జాతాకు పోయేవాళ్ల చేతులు చూసి పంపేది. ఒకనాడు ఆమె కొడుకే పోలీసుల మీద రాయి వేసినాడు. ఆ తల్లి సొంత కొడుకని కూడా చూడకుండా వాణ్ణి పట్టుకుపోయి స్టేషన్లో అప్పజెప్పినాది" అన్నాడు. మా బావమరిది భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ పిల్లోడు రాయి వెయ్యలేదప్పా" అన్నాను.

"వేసినాడనే అందరూ చెప్తారు గదన్నా" అన్నాడు ఆయన నవ్వుతూ.

"అందరూ చెప్తే? నేను ఆడ ఉన్నాను. నువ్వు ఉన్నావా?"

మా ఆవిడ నా చొక్కా పట్టి లాగింది. చర్చిలో గొంతు లేపకూడదట. సరేనని బయటకు వచ్చి వేపచెట్టు కింద కూర్చున్నాను. ఇంటికి వచ్చాక కూడా ఆ కోపం దిగలేదు. దిగదు కూడా. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఆ తల్లి పేరు రాయను. బతికి ఉన్నప్పుడే తన పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తే ఆమెకు నచ్చేది కాదు. నేను పెద్దమ్మా అనేవాణ్ణి, ఆమె నన్ను కండక్టరప్పా అనేది. చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచి, గంట కొట్టే మనిషి. పొట్టిగా, నల్లగా, ఎప్పుడూ తల మీద కొంగు కప్పుకొని ఉండేది. ఎవరినైనా తిట్టే ముందు ఆ కొంగు సర్దుకునేది. ఆమె చెయ్యి కొంగు మీదికి పోయిందంటే ఎదుటివాడు తయారుగా ఉండాల్సిందే.

నేను ఉరవకొండ నుంచి పామిడి మీదుగా అనంతపురం పోయే బస్సులో కండక్టరును. తొంభైల చివర్లో ఆ ఊరి దగ్గర సోమవారం వచ్చిందంటే బస్సు ఆగిపోయేది. చర్చిలో నుంచి జనం ఖాళీ బిందెలు పట్టుకొని, ఒక్క మాట మాట్లాడకుండా, రోడ్డు నిండా నడుచుకుంటూ మండలాఫీసుకు పోయేవాళ్లు. జాతా అంటే అదే. నినాదం లేదు, జెండా లేదు. తాగే నీళ్లకు పైపు వెయ్యమని అడగడం, అంతే. ఆ చుట్టుపక్కల బోర్ల నీళ్లు తాగి పిల్లల పళ్లు పచ్చబడేవి, పెద్దవాళ్ల కాళ్లు వంకర తిరిగేవి. ఆ నీళ్లు కూడా ఎండాకాలం వచ్చేసరికి అడుగంటేవి.

ఉద్యమం చర్చిలోనే ఎందుకు పుట్టిందో మా సీమ వాళ్లకు చెప్పక్కరలేదు. ఆ ఊళ్లో రెండు పార్టీలు. ఒకరి అరుగు మీద కూర్చుంటే రెండోవాడికి శత్రువైపోతాం. స్కూలు ఒకరిది, పంచాయతీ ఆఫీసు ఇంకొకరిది. ఇద్దరిదీ కాని జాగా ఆ రాతి చర్చి ఒక్కటే. అందుకని కాలనీ క్రైస్తవులతో పాటు రెడ్లూ, బోయలూ, కురుబలూ, దూదేకులవాళ్లూ అందరూ వచ్చి ఆ బెంచీల మీదే కూర్చునేవాళ్లు. మొదటి మీటింగుకే ఒకడు నడుములో కొడవలి దోపుకొని వచ్చాడు. దాంతో పాస్టరు, పెద్దలు కలిసి ఒక కట్టు పెట్టారు. జాతాకు పోయే ప్రతి మనిషీ చర్చి వాకిట్లో రెండు చేతులూ చాపి చూపించి బయటికి పోవాలి. చూసే పని పెద్దమ్మది.

ఊరికే చూసేది కాదు ఆమె. అరచేతులు పట్టుకొని వాసన చూసేది! నాటుబాంబు మందు ముట్టినవాడి చేతికి రెండు రోజులైనా వాసన పోదని ఆమె నమ్మకం. సారా తాగినవాణ్ణి వాకిలి దగ్గరే తిప్పి పంపేది. ఒకసారి మాజీ ఎమ్మెల్యే ఒకాయన వచ్చాడు. తెల్ల బట్టలు, వేళ్ల నిండా ఉంగరాలు. ఆయన చేతులు కట్టుకొని లోపలి నుంచి దర్జాగా వస్తున్నాడు. ఈమె కొంగు సర్దుకుంది.

"చేతులు చూపీప్పా."

"నేనెవరో తెలుసునా?" అన్నాడాయన.

"తెల్సు. అందుకే అడుగుతాండా. ఆ ఉంగరాలు తీసి జోబీలో పెట్టుకో. కోపమొచ్చి ఎవున్నన్నా కొడితే అవి గూడా తగుల్తాయి."

జనమంతా నోళ్లు మూసుకొని నవ్వారు. ఆయన ఒక్కొక్క ఉంగరమే పీకి జేబులో వేసుకున్నాడు. పీకి వేసుకోక ఏం చేస్తాడు!

ఆ సోమవారాల్లో నాకు మహా చిరాకుగా ఉండేది. బస్సు లేటైతే డిపోలో మాట పడేది నేనూ, మా డ్రైవరూ. ఒకరోజు దిగిపోయి వాకిలి దగ్గర ఆమె మీద అరిచాను, కొంచెం తొందరగా పంపించు పెద్దమ్మా అని. ఆమె నా చేతులు పట్టుకొని తిప్పి చూసింది. టికెట్ల సిరా, చిల్లర మసి.

"ఏమప్పా ఇంత మురికి చేతులతో బువ్వ తింటావా? ఆ బోరింగు కాడ కడుక్కో పో. నీళ్లొస్తే" అన్నది.

పోయి కొట్టాను. బోరింగు గాలి పీల్చింది. నీళ్లు రాలేదు. నేను మళ్లీ బస్సెక్కి కూర్చున్నాను. ఆ తర్వాత సోమవారం ఆమెను ఏమీ అనలేదు. తీరిక దొరికితే నేను కూడా బిందె పట్టుకొని నాలుగు అడుగులు నడిచేవాణ్ణి.

ఆమెకు భర్త లేడు. ఇద్దరు ఆడపిల్లలు పెళ్లిళ్లయి పోయారు. ఇంట్లో మిగిలింది చిన్నవాడు, ఈ కొడుకు. ఇంటర్ తప్పి తాపీ పనికి పోతుండేవాడు. వాళ్లమ్మ మాదిరే పొట్టి, వాళ్లమ్మ మాదిరే మాట దూకుడు. జాతాలో ఎప్పుడూ ముందు వరసలో ఉండేవాడు. వాడు వాకిట్లోకి వస్తే ఈమె మిగతా వాళ్లకంటే ఎక్కువసేపు చూసేది. "మాయమ్మకు నా మీద శానా అనుమానం" అని వాడు ఎగతాళి చేసేవాడు. "కన్నదాన్ని గద, నాకు తెల్దా నీ సంగతి" అని ఈమె వీపు మీద ఒకటి వేసి పంపేది.

ఆ రోజు ఎండ మామూలుగా లేదు. మండలాఫీసు గేటు ముందర పోలీసులు అడ్డం నిలబడ్డారు. జనం వెనుక మా బస్సు ఆగి ఉంది. జనంలో నుంచి ఒక రాయి లేచి ఒక కానిస్టేబులు నుదుటికి తగిలింది. రక్తం కారింది. ఎవరు వేశారో నాకు కనిపించలేదు. ఇంతలో లాఠీలు లేచాయి, బిందెలు రోడ్డంతా దొర్లాయి, జనం చెల్లాచెదురయ్యారు. మమ్మల్ని, అంటే నన్నూ డ్రైవరునూ, సాక్ష్యం చెప్పమని స్టేషన్ వరండాలో కూర్చోబెట్టారు.

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాం. ఎస్సై పాస్టరుకూ, పెద్దలకూ గట్టిగా చెప్పాడు. వేసినవాణ్ణి తెచ్చి చూపించాలి. లేకపోతే కాలనీలో మీసాలొచ్చిన వాళ్లందర్నీ జీపు ఎక్కిస్తాడు. ఇక జాతా అన్న మాటే ఉండదు. పెద్దలు తలలు దించుకొని పోయారు. చూసినవాళ్లు ఉన్నారేమో, ఎవరూ నోరు విప్పలేదు.

పొద్దు వాలుతుండగా ఆమె వచ్చింది. కొడుకు మణికట్టు పట్టుకొని వచ్చింది. వాడు మామూలుగానే నడుస్తున్నాడు. అమ్మ ఎస్సైతో మాట్లాడడానికి తోడు తీసుకొచ్చింది అనుకున్నాడట. మెట్లెక్కి ఎస్సై ముందు నిలబడింది.

"రాయి ఏసింది వీడే సార్. నా కొడుకు" అన్నది.

వాడు వాళ్లమ్మ వైపు తిరిగాడు. ఆ మొహం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

"అమ్మా, నేను కాదు. నా చేతులు నువ్వే చూసినావు గదమ్మా."

"సరిగ్గా చూళ్లేదు సార్ నేను. నాదే తప్పు. వాని మాట ఇనొద్దండి" అన్నది ఆమె, ఎస్సై వైపే చూస్తూ.

"అమ్మా, నేను కాదమ్మా. నన్ను నమ్ము. అమ్మా!"

లోపలికి తీసుకుపోయేటప్పుడు కూడా వాడు అదే అరిచాడు. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. మెట్లు దిగి పోయింది. అప్పుడు నేను, ఎంత గట్టి మనిషి అనుకున్నాను. ఊరంతా అదే అనుకుంది. తర్వాతి సోమవారం జాతా మళ్లీ సాగింది, కానీ వాకిట్లో ఆమె లేదు. నా ఇంట్లో వాడే ఆ పని చేసినాక నేను ఏ మొహం పెట్టుకొని ఇంకొకరి చేతులు చూసేది అన్నదట. ఆ పని వేరే ఎవరికో అప్పగించారు.

కొడుకు బెయిలు మీద వచ్చాడు. వచ్చి ఒక రాత్రి కూడా ఇంట్లో లేడు. బట్టలు సంచిలో కుక్కుకొని మా బస్సే ఎక్కాడు. కాలు కొంచెం ఈడుస్తున్నాడు. ఆమె స్టాపు దాకా వెంట వచ్చింది. కిటికీ కింద నిలబడి, "ఒక్క మాట ఇను నాయనా" అన్నది. వాడు నా వైపు తిరిగి, "అన్నా, అనంతపురానికి ఒకటియ్యి" అన్నాడు. అంతే. కేసు తర్వాత నిలబడలేదు, కొట్టేశారు. వాడు మాత్రం తిరిగి రాలేదు. బెంగుళూరులో కట్టడాల పనిలో ఉన్నాడని ఎవరో అన్నారు. ఏ వీధిలో, ఏ మేస్త్రీ కింద అంటే ఎవరికీ తెలియదు. నేను కూడా పోయేవాళ్లను, వచ్చేవాళ్లను అడిగి అడిగి విసిగిపోయాను.

అప్పటినుంచి ప్రతి సాయంత్రం మా బస్సు తిరిగి వచ్చే వేళకు ఆమె చర్చి స్టాపులో నిలబడేది. దిగేవాళ్లందర్నీ చూసేది. అందరూ దిగిపోయాక నన్ను అడిగేది, "బెంగుళూరోళ్లు ఎవురన్నా వచ్చినారా కండక్టరప్పా?" కొడుకు మాట నోట రానిచ్చేది కాదు. నేను లేదంటే, "సరేలే, బండి లేటయినట్లుండాది" అనేది. మా బస్సుకూ బెంగుళూరు బండికీ సంబంధమేముంది! అయినా అవుననే అనేవాణ్ణి నేను కూడా.

ఈలోగా నీళ్లు వచ్చాయి. నిజంగానే వచ్చాయి. పైపులు వేశారు, ట్యాంకు కట్టారు, కాలనీలో కుళాయిలు పెట్టారు. ప్రారంభానికి రెండు పార్టీల నాయకులూ ఒకే స్టేజి ఎక్కి దండలు వేయించుకున్నారు. చర్చి గోడకు ఫలకం వచ్చింది. పాస్టరు ప్రసంగంలో ఆమె కథ చెప్పడం మొదలుపెట్టాడు. దేవుడు లోకం కోసం తన కుమారుణ్ణి ఇచ్చాడు, మన మధ్య కూడా ఒక తల్లి ఇచ్చింది అని. జనం వెనక్కి తిరిగి ఆమెను చూసేవాళ్లు. ఆమె కొంగు ఇంకా ముందుకు లాక్కునేది.

ఒక మధ్యాహ్నం ఆ స్టాపు దగ్గరే మా బస్సు టైరు పంక్చరైంది. డ్రైవరు జాకీ వేస్తుంటే నేను చర్చి మెట్ల మీద నీడకు కూర్చున్నాను. ఆమె లోపల ఊడ్చి వచ్చి కింది మెట్టు మీద కూర్చుంది. చెంబుతో నీళ్లు ఇచ్చింది. కుళాయి నీళ్లు. తాగి, "తియ్యగా ఉన్నాయి పెద్దమ్మా" అన్నాను. మంచి మాట అన్నాననుకున్నాను.

ఆమె కొంగు ముందుకు లాక్కుంది. తర్వాత, "వాడు కాదప్పా రాయి ఏసింది" అన్నది.

"నీకెట్ల తెలుసు?"

"ఆ పొద్దు జాతా ఎనకాలే నేనూ వచ్చినా, నా కండ్లతో చూసినా. ఏసినోడు ఇంకొకామె కొడుకు. ఎవురని అడగొద్దు. వాడూ మనోడే, పిల్లోడే. ఎండకు కాక పుట్టి ఏసినాడు."

"మరి నీ కొడుకును ఎందుకు ఇచ్చినావు?" అని దాదాపు అరిచాను.

"ఎవున్నో ఒకన్ని ఇయ్యకపోతే అందర్నీ ఎత్తకపోతామనిరి. జాతా ఆగిపోతాది. మళ్లీ నీళ్లు యాడొస్తాయి? ఇంకొకామె బిడ్డను చూపిచ్చేకి నాకేం హక్కుండాది చెప్పు. నా బిడ్డయితే నాది. నాలుగు దినాలు పెట్టుకోని ఇడిసిపెడతారులే, ఇంటికొచ్చినాక కూసోబెట్టి చెప్పుకుందాములే అనుకుంటి. వాడు చెప్పనిచ్చినాడా? నువ్వు చూసినావు గద."

"వాడికి జాబు రాయించి ఉంటే..."

"యాడికని రాయించేది? ఇప్పుడు కనపడినా చెప్పేకి భయమప్పా నాకు. అమ్మకు తెలీక ఇచ్చింది అనుకుంటే అదొక కోపం. తెలిసి తెలిసి ఇచ్చిందంటే? వాడింక నా మొగం చూస్తాడా?" అని, కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ పాస్టరయ్య చూడు, దేవుడు గూడా కొడుకును ఇచ్చినాడంటాడు. ఆయన కొడుకు మూడో దినానికే వచ్చేసినాడు గదప్పా."

నాకు ఏడుపు వచ్చింది. సిగ్గేముంది చెప్పడానికి, వచ్చింది. తాను బతికి ఉన్నంతకాలం ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకుంది. డ్రైవరు పిలిస్తే లేచి వచ్చేశాను. ఆ సాయంత్రం తిరుగు బస్సుకు ఆమె మళ్లీ స్టాపులో నిలబడే ఉంది. "బెంగుళూరోళ్లు వచ్చినారా?" అని మామూలుగానే అడిగింది.

అట్లా ఎన్నో ఏళ్లు నిలబడింది. ఒక వేసవిలో జ్వరం వచ్చి, రెండు మూడు రోజులు స్టాపులో కనిపించలేదు. అడిగితే పోయిందన్నారు. చర్చి వెనుక సమాధుల్లోనే పెట్టారు. ఆడపిల్లలిద్దరూ వచ్చారు. నేను పోయేసరికి మట్టి కప్పడం అయిపోయింది.

మరుసటి రోజు అనంతపురం బస్టాండులో వాడు మా బస్సు ఎక్కాడు. మొదట నేను గుర్తుపట్టలేదు. జుట్టు పలచబడింది, చేతుల మీద సిమెంటు కాట్లు. కాలు ఈడ్వడం చూసి గుర్తుపట్టాను. కాలనీ వాళ్లెవరో బెంగుళూరులో పని జాగాలో కనిపించి, అమ్మ పోయిందని చెప్పారట. దారి పొడుగునా కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. చర్చి స్టాపులో దిగుతుంటే నాకు మనసాగలేదు. డ్రైవరుతో పది నిమిషాలు ఆపమని చెప్పి వాడి వెంట దిగాను. వెనుక నుంచి ప్యాసింజర్లు గొణుగుతున్నారు. గొణగనీ.

మట్టి ఇంకా పచ్చిగానే ఉంది. వాడు దాని పక్కన నిలబడ్డాడు. ఏడవలేదు.

"ఊరంతా నేనే ఏసినానని అనుకున్యా నాకేం కాలేదన్నా" అన్నాడు. "దెబ్బలు తిన్న్యా, జైలుకు పోతి, దానికీ కోపం లేదు. మాయమ్మ నన్ను నమ్మలేదు సూడు, అది నాకు పోలేదు. ఎన్నిసార్లు చెప్పినానో అన్నా నేను కాదని. నువ్వూ ఇన్న్యావు గద."

ఇక నాకు ఒట్టు లేదు. కానీ భయం ఉంది. ఆమె భయపడిన భయమే నాకూ పట్టుకుంది. తెలిసి ఇచ్చిందంటే వీడు ఈ మట్టి మీదే ఉమ్మేసి పోతాడేమో అనుకున్నాను. అయినా చెప్పాను.

"ఆమెకు తెలుసప్పా, నువ్వు కాదని. ఏసినోన్ని ఆమె కండ్లతో చూసినాది. ఎవరి బిడ్డనో చూపియ్యలేక నిన్ను చూపించినాది. నాతోనే చెప్పినాది."

వాడు నా భుజాలు పట్టుకున్నాడు. "తెల్సా? మాయమ్మకు తెల్సా నేను కాదని?"

"ఆ రోజే తెలుసు."

"ఆ రోజే తెల్సా? అంటే నమ్మినాదా అన్నా నన్ను? నమ్మినాదా?"

"నమ్మినాదప్పా."

వాడి మొహంలో నేను కోపం కోసం వెతికాను. లేదు. ఏళ్ల తరబడి మోసిన బరువు దించుకున్న మనిషిలాగా ఒక్కసారి గట్టిగా గాలి వదిలాడు. నవ్వాడు కూడా. నవ్వుతూనే కాళ్లు మడుచుకొని ఆ మట్టి పక్కన కూలబడ్డాడు. అప్పుడు వచ్చింది ఏడుపు. నన్ను మరిచిపోయాడు. రెండు చేతులూ మట్టి మీద పెట్టి వాళ్లమ్మను అడిగాడు.

"నన్నడిగింటే నేనే పోయేటోన్ని గదమ్మా స్టేషనుకు. నేనే ఏసినానని చెప్పేటోన్ని గదమ్మా. ఎందుకడగలేదమ్మా నన్ను?"